అత్తగారి దుప్పటి

తెల్లారీ తెల్లారకముందే బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు. కోడలికి ఒళ్లు మండింది. నిన్ననే మూడో కీమో ఎక్కించుకుని వచ్చిన మనిషి, గోడ పట్టుకుంటే గానీ నాలుగడుగులు వేయలేని మనిషి, తన దుప్పటి తనే ఉతుక్కుంటోంది. మొండితనంలో అత్తగారికి అత్తగారే సాటి.

మొదటిసారి నాలుగు రోజులు ఆస్పత్రిలోనే ఉంచారు. రెండో కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు. గది వేరు, కంచం వేరు. మంచినీళ్ల గ్లాసు కూడా చేతిలోంచి అందుకోదు, "అక్కడ పెట్టు" అంటుంది. మందు బాగా పనిచేస్తోందనీ, గడ్డ చిన్నదవుతోందనీ డాక్టరు చెప్పినప్పుడు కోడలు దగ్గరికెళ్లబోతే, అంత సంతోషంలోనూ వెనక్కి జరిగింది.

కోడలు తలుపు తోసుకుని లోపలికెళ్లి బకెట్ పట్టుకోబోయింది.

"ముట్టుకోకు," గట్టిగా కసిరింది అత్తగారు.

"నాలుగేళ్లయింది నేనీ ఇంటికొచ్చి. మీ దుప్పటి ఉతకడానికి కూడా పనికిరానా అత్తయ్యా? ఇంకా పరాయిదాన్నేనా?" అంది కోడలు.

అత్తగారు గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూలబడింది.

"మందు ఎక్కించాక రెండు రోజులపాటు అది ఒంట్లోంచి బయటికి పోతూనే ఉంటుందట. మూత్రంలో, వాంతిలో, చెమటలో. కడుపుతో ఉన్నవాళ్లు అవి అంటిన బట్టల జోలికి రాకూడదంది నర్సమ్మ."

కోడలు బిత్తరపోయింది. "మీకెలా తెలుసు?"

"నలభై ఏళ్లు జాకెట్లు కుట్టాను. కొలతలు తీసిన కళ్లు ఊరుకుంటాయా?" ఆవిడ నవ్వబోయి ఆయాసపడింది. "రెండుసార్లు అందరికీ చెప్పుకున్నాక కడుపు పోయి, నువ్వెంత ఏడ్చావో చూశాను. ఈసారి నీ అంతట నువ్వు చెప్పేదాకా అడక్కూడదనుకున్నా. అడక్కుండా కారణం ఎలా చెప్పను? అందుకే కసిరాను."

కోడలు బకెట్‌కి దూరంగా జరిగింది. జుట్టు రాలిపోతూ, నోరు పూసి మెతుకు దిగని రోజుల్లో కూడా ఈవిడ ఇంకా పుట్టని పసిగుడ్డును కాచుకుంటూ వచ్చింది. తనేమో మూడు వారాలుగా మనసులో తిట్టుకుంటూ తిరిగింది. సిగ్గుతో తల వంగిపోయింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న కొడుకు, నర్సుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"బట్టలు మీరే ఉతకండి బాబూ, గ్లౌజులు వేసుకుని, విడిగా," అంది నర్సు. "టాయిలెట్ వాడాక మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలమనండి. జ్వరమొస్తే మాత్రం ఆలోచించకుండా వెంటనే తీసుకొచ్చేయండి."

"మరి నేను పక్కన కూర్చోవచ్చా?" అడిగింది కోడలు.

"భేషుగ్గా కూర్చోవచ్చు. కలిసి తినొచ్చు, కౌగిలించుకోవచ్చు. అవెవరు వద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. భయం కొద్దీ అత్తగారే అన్నిటికీ కలిపి గీత గీసేసుకుంది.

కొడుకు గ్లౌజులు తొడుక్కుని బకెట్ ముందేసుకున్నాడు. కోడలు అత్తగారిని మెల్లగా నడిపించి, మంచం మీద కూర్చోబెట్టి, రెండు చేతులా చుట్టేసుకుంది.

"మీ చలవ వల్లే అత్తయ్యా, నాకూ, కడుపులో బిడ్డకీ ఏమీ కాలేదు."

అత్తగారి చేతులు కాసేపు గాల్లోనే తటపటాయించాయి. తర్వాత కోడలి వీపును గట్టిగా పట్టుకున్నాయి.

"ఎన్నాళ్లయిందే, నన్నొకళ్లు ఇలా ముట్టుకుని," అంది ఆవిడ, చిన్నపిల్లలా ఏడుస్తూ.