చిగురు నొక్కిన వేళ్ళు

నేను మొక్కల డాక్టర్ని. మనుషుల డాక్టరుకైతే రోగి నోరు విప్పి బాధ చెప్పుకుంటాడు. నా రోగులు చెప్పవు. "నయమేగా, మందు చేదుగా ఉందని ఏ రోగీ నీ మొహాన ఉమ్మెయ్యడు" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరి చివర ఒక పెద్దాయన ఇంటికి బయల్దేరాను. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఒంటరి మనిషి. ఇంటి వెనక గాజు గది కట్టించి, దాన్నిండా పిచ్చర్ మొక్కలు పెంచుతున్నాడు. ఆ మొక్కల తీరే వేరు. ఆకు కొస సన్నటి తీగలా సాగి, దాని చివర చిన్న కూజా ఒకటి వేలాడుతుంది. తియ్యటి వాసనకి ఆశపడి వచ్చిన చీమో ఈగో అంచు మీద కాలు జారిందా, ఇక అంతే. లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుంది. ఎంత పాకినా పైకి రాలేదు.

"పాత ఆకులు బంగారంలా ఉన్నాయమ్మా. కొత్తగా వచ్చేవే ఇలా..." అంటూ మాస్టారు ఒక మొక్క చూపించాడు.

లేత ఆకు ఒక పక్క కుంచించుకుపోయి, ముడతలు పడి ఉంది. తీగ పంది తోకలా మెలి తిరిగింది. చివర కూజా ఉండాల్సిన చోట ఎండిన మిరియపు గింజంత ముద్ద. పక్క మొక్కకీ అంతే. ఆ పక్కదానికీ అంతే.

"మా ఆవిడ పెంచిన మొక్కలివి," అన్నాడాయన. "చివర్లో ఆమెకి చూపు పోయింది. అయినా మానలేదు. రోజూ వచ్చి ఒక్కో చిగురునీ వేళ్ళతో తడిమి చూసుకునేది. పసిపిల్లల చెంపలు నిమిరినట్టు."

పోయి ఎన్నాళ్ళయిందని అడగబుద్ధి కాలేదు. భూతద్దం తీశాను.

గది లోపల ఉక్క. నాచు కుళ్ళిన వాసన, దాని మీద తేలుతూ కూజాల తియ్యటి వాసన. పైకప్పు మీద వాన సన్నగా చిటపటలాడుతోంది. ముందు నాకు తామర పురుగుల మీద అనుమానం. అవి చిగురులో దూరి రసం పీలిస్తే ఆకు ఇలాగే వంకరపోతుంది. కానీ వాటి వెండి గీతలు ఎక్కడా లేవు. కంటికి కనబడనంత చిన్న నల్లులేమోనని సూదితో ఒక చిగురు విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. నీళ్ళలో ఉప్పు కొలిచాను. పట్టి పెట్టుకున్న వాన నీళ్ళు, వంక పెట్టడానికేం లేదు. కాల్షియం తక్కువైతే చిగురు కొస నల్లగా మాడాలి. అదీ లేదు.

అప్పుడు కనబడ్డాయి, నొక్కులు. ఆకు ఒక పక్క ఒకే నొక్కు. రెండో పక్క వరసగా చిన్న చిన్న గుంటలు. నా బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు మరో పక్క పెట్టి చూశాను.

సరిపోయాయి.

"మాస్టారూ, ఇది జబ్బు కాదండీ. చిగురు ఇంకా చుట్టుకుని ఉండగానే ఎవరో వేళ్ళతో పట్టి నొక్కుతున్నారు. ఆకు విప్పుకున్నాక గానీ ఆ దెబ్బ బయటపడదు. ఇవాళ కనబడే వంకర కొన్ని వారాల కిందటి గాయం. ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"నేనొక్కణ్ణే. నేను చిగుళ్ళు ముట్టను." ఆయన ముందుకి వంగాడు. "పురుగు కాదని ఖాయమేనా?"

"ఖాయమేనండీ."

"నీళ్ళు?"

"కాదు."

బాధపడతాడనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళతో నవ్వాడు. "అయితే వచ్చిందన్నమాట," అని గొణుక్కుని, "ఒక్క నిమిషం ఉండమ్మా" అంటూ బయటికి నడిచాడు.

వెనకాలే గొళ్ళెం పడ్డ చప్పుడు.

టీ తేవడానికి వెళ్ళాడేమో, అలవాటు కొద్దీ గొళ్ళెం వేసి ఉంటాడనుకున్నాను. అంతలో మొక్కలకి తేమ కోసం పైన పెట్టిన గొట్టాలు బుస్సుమన్నాయి. సన్నటి తుంపర పొగలా దిగింది. చూస్తుండగానే ఎదురుగా ఉన్న వరసలు మాయమయ్యాయి. తలుపు తోశాను. రాలేదు. భుజంతో గుద్దాను. కదల్లేదు.

"మాస్టారూ! తలుపు తియ్యండి!"

అవతల ఆయన నీడ. అరచెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు.

"అరవకమ్మా... బెదిరిపోతుంది," గుసగుసలాడాడు. "నేను ఎన్ని రోజులు చెయ్యి చాపినా అందుకోవడం లేదు. నీది మొక్కలెరిగిన చెయ్యి. కాస్త ఓర్చుకో తల్లీ."

ఫోను కారులో ఉంది. చేతికందిన కుండీ ఎత్తి గోడకేసి కొట్టాను. గాజు గది అన్నానే గానీ, అది గాజు కాదు, మందపాటి ప్లాస్టిక్కు. కుండీ ముక్కలైంది. గోడ మీద గీత కూడా పడలేదు.

తుంపర బుసలో చెవులు రిక్కించాను.

అటు చివర నుంచి చిన్న చప్పుడు. టప్... ఒక కూజా ఇంకో కూజాకి తగిలింది. మళ్ళీ టప్. గాలి లేదు. ఎలకేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. పొగలోంచి దగ్గరి వరస మసగ్గా కనబడుతోంది. ఒక చిగురు మెల్లగా ఇటు వంగింది. ఆగింది. వదిలేసినట్టు మళ్ళీ లేచింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత దాని పక్కది...

వస్తోంది.

తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాను. ఊపిరి బిగబట్టాను. నా పక్కనున్న చివరి మొక్క వంగి, లేచింది.

ఇక మొక్కలు లేవు.

నా కుడి బొటనవేలి గోరు మొదట్లో ఏదో తాకింది. చల్లగా లేదు. వెచ్చగా లేదు. నెమ్మదిగా తడిమింది. అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు. అడుగు వైపు వేళ్ళు ఒక్కొక్కటే పడ్డాయి. ఒకటి... ఇంకొకటి... చేతికి ఉండాల్సినన్నీ పడ్డాయి.

ఆ తర్వాత కూడా పడుతూనే ఉన్నాయి.

అప్పుడు నొక్కింది.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తుంపర ఆగింది. తలుపు తెరుచుకుని వెనక్కి పడ్డాను. మాస్టారు నన్ను చూడలేదు. నా తల మీదుగా గదిలోకి చూస్తున్నాడు.

"ముట్టుకుందా? ఆమేనా? ఆమే కదమ్మా?"

ఆయన్ని నెట్టేసి వానలో పరిగెత్తాను.

మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ ఇంటి మీదకి వెళ్తాడు. నేనేమో ఆ వీధి వైపు చూడటానికే సిద్ధంగా లేను. కొన్ని వారాలు గడిచాక తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"కొత్తాకులన్నీ చక్కగా వస్తున్నాయమ్మా." మాస్టారు ఏడుస్తున్నాడు. "ఒక్క చిగురు కూడా నలగలేదు. చప్పుడు లేదు. గది బావురుమంటోంది. ఆమె నీతో వచ్చేసినట్టుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను... ఒక్కసారి తీసుకురామ్మా."

మీ ఆవిడ చేతికి ఎన్ని వేళ్ళుండేవని అడగబోయాను. నోరు రాలేదు. పాపం, ఆయన దగ్గర ఆ నమ్మకం తప్ప ఏముంది? ఫోను పెట్టేశాను.

నా బొటనవేలి గోరు మొదట్నుంచి వంకరగా వస్తోంది. మధ్యలో నొక్కు. దానికి కారణం నాకు తెలుసు. కొస ఎప్పటికప్పుడు కత్తిరించుకుంటూ, అది పూర్తిగా పెరిగిపోతే పీడ విరగడవుతుందని ఎదురుచూస్తున్నాను.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన తన ఎడమ చెయ్యి నా ముందు చాపాడు. ఆయన ఆ గాజు గది గుమ్మం కూడా ఎరగడు.

"ఇదేంటో చూడు. నొప్పేం లేదు. మొన్న చిటికెనవేలికే అనుకున్నాను," అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడు అన్ని గోళ్ళూ ఇలాగే వంకరగా వస్తున్నాయి."