ముల్లు నిలవని రికార్డు

"నువ్వీ మిషన్లో లేవమ్మా సాబిరా. దిగిపో."

ఆటో తోలుతున్న ఖాకీ చొక్కా మనిషి అద్దంలోకి చూస్తూ అన్నాడు. ఊళ్లోవాళ్లకి ఆయన వినుకొండ రోడ్డులో షేర్ ఆటో బ్రహ్మయ్య. అసలు సంగతి, పేరు బయటికి చెప్పని ఒక శాఖకి చీఫ్. వెనక సీట్లో చంటిపిల్ల ఫరాని ఒళ్లో పెట్టుకున్న సాబిరా ఆ శాఖ ఏజెంటే.

"బ్రీఫింగ్ పూర్తి చెయ్యండి సార్. దిగేదీ లేనిదీ తర్వాత."

బ్రహ్మయ్య నిట్టూర్చాడు. విదేశీ ముఠా ఒకటి మన రాడార్ డేటాని శబ్దంగా మార్చి, పాతకాలం గ్రామఫోన్ రికార్డుల్లా కనబడే ప్లాస్టిక్ డిస్కుల మీద చెక్కి, పార్సిళ్లలో దేశం దాటిస్తోంది. పాత పాటల రికార్డు అనుకుని ఎవరూ ఆపడంలేదు. ఆ చెక్కే మిషను మీద ఆపరేటర్‌గా చేరినవాడు శాఖ మనిషి ముజమ్మిల్. సాబిరా భర్త. నిన్న అతని నుంచి సగం ఫోను వచ్చింది. 'డెన్ ఎక్కడుందో నా గొంతుతోనే రికార్డు చేశా. పాడైన డిస్కుల్లో కలిపి నరసరావుపేట రహీమ్ కొట్టుకి...' అంతే, లైన్ కట్.

"ఆ రికార్డు ముఠాకి దొరికితే గొంతు గుర్తుపడతారు. ముజమ్మిల్‌ని బతకనివ్వరు. రహీమ్ కొట్టు నిండా రికార్డులే. ఏదని వెతుకుతాం? మన వంశీకి చెప్పి కొట్టు తగలబెట్టిస్తా."

"తగలబెడితే ఆయన యాడున్నాడో ఎట్టా తెలిసిద్ది?"

బ్రహ్మయ్య గేరు మార్చాడు.

"అంటే గొంతు కాలితే చాలు, మనిషి ఏమైపోయినా ఏం కాదు. అంతేనా సార్? కుదరదు. నేను వెతుకుతా."

"చంటిపిల్లతోనా?"

"దాని నాయన కోసమేగా. పోనీండి ఆటో."

మాట గట్టిగానే వచ్చింది గాని చెయ్యి ఊరికే ఉండలేదు. ఫరా నుదురు తడిమి చూసింది. వెచ్చగా లేదు. నమ్మకం చాలక మళ్లీ చూసింది.

రైల్వే స్టేషన్ దగ్గర సందులో ఉంది అబ్దుల్ రహీమ్ కొట్టు. కుట్టుమిషన్లు, ఇత్తడి గంగాళాలు, మూగబోయిన టేపురికార్డర్లు. కప్పు మీద లౌడ్‌స్పీకర్ గొట్టం "పాత ఇనుము, పాడైపోయిన మిక్సీలు కొంటాం" అని ఊరంతటికీ చెబుతోంది. సందు చివర చెరుకురసం బండి దగ్గర వంశీ, శాఖ మనుషులు ఇంకో నలుగురు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. సాబిరా చేతిలో గిలక్కాయ. అందులో ట్రాన్స్‌మిటర్.

"సలాం చాచా. పాత రికార్డులు కావాల. వేడి చేసి పూలగిన్నెలు చేసి అమ్ముతా."

"చూసుకో బేటీ. దుమ్ము పిల్లకి తగలనీబాకు."

గుట్ట ముందు చతికిలబడింది. అసలు రికార్డు లక్కతో చేసింది. గోటితో కొడితే కుండలా మోగుతుంది, బొటనవేలితో గట్టిగా రుద్దితే లక్కగాజుల కొట్టు వాసనొస్తుంది. మైక్‌సెట్ వాళ్లు పెళ్లిళ్లలో అరగదీసినవి, లేబుల్ మీద పెయింటుతో ఇంటిపేర్లు రాసినవి, అన్నీ లక్కవే. పక్కన పేర్చింది. వాసన లేకుండా, గోటికి మొద్దుగా పలికినవి నాలుగే మిగిలాయి. ముఠా పారేసిన సరుకు!

చాచా ప్లేయర్ మీద ఒక్కొక్కటే పెట్టింది. మూడింటి మీద గరగర. నాలుగోదాని మీద అసలు ముల్లే నిలవడంలేదు. అంచున పెట్టగానే బయటికి జారిపోతోంది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

ఏంది మనిషివయ్యా నువ్వు, అనుకుంది కళ్లు చెమరుస్తుండగా. ముజమ్మిల్ ముందు నేర్చింది కుడి నుంచి ఎడమకి చదివే ఉర్దూ. ఇంట్లో ఏ తెలుగు పుస్తకం తీసినా చెయ్యి ముందు వెనక అట్టకే పోయేది. 'ఆఖర్న మొదలెడతావేంది?' అని ఎన్నిసార్లు వెక్కిరించిందో! డిస్కుని వెలుతురులో వంచింది. పాట అయిపోయాక లేబుల్ పక్కన మిగలాల్సిన నున్నటి పట్టీ బయటి అంచున ఉంది. ఇది లోపల మొదలై బయటికొచ్చే రికార్డు.

"మిరపకాయలు ఎండినయ్యా?"

గుమ్మంలో కూలింగ్ గ్లాసులు, ఎత్తుమడమల చెప్పులు, ఘాటైన సెంటు. బిందు. శాఖలో అందరికంటే అందమైన ఏజెంట్. కోడ్‌వర్డ్ సరిగ్గానే చెప్పింది.

"ఇంకో రెండెండలు పడాల," అంది సాబిరా.

"చీఫ్ పంపాడే. ఆ ముల్లు నిలవని రికార్డు దొరికిందా?"

సాబిరా చెయ్యి ఆగిపోయింది. రికార్డులో గొంతుందని శాఖకి తెలుసు. దాని మీద ముల్లు నిలవదని తెలిసేది దాన్ని పరీక్షించి పారేసినవాళ్లకే.

"ఎంతకి అమ్ముడుపోయావే?" అంది నింపాదిగా.

బిందు నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. గిలక్కాయలో లైటు ఆరిపోయింది.

"జామర్. నీ మాట ఎవరికీ వినబడదు. ముగ్గురు ఆపరేటర్లున్నారు, అందులో ద్రోహి ఎవడో చీఫ్ నాక్కూడా చెప్పలేదు, మా బాస్‌కి కావాలి. ప్లే చెయ్. గొంతు నేనే వింటా."

అదే గొంతు సందు చివర వంశీ జట్టుకి చేరితే? చేరేదెట్టా? సాబిరా రహీమ్ వంక చూసింది. ముసలాయన చూపు ఒక్కసారి కప్పుకేసి పోయి వచ్చింది.

"వైరు లూజుగా ఉందమ్మా. సర్దుతా," అన్నాడు గొణుగుతూ.

"తొందరగా ఏడువు!"

చాచా వైరు మార్చాడు. సాబిరా ముల్లుని లేబుల్ పక్కన దింపింది.

"నేను ముజమ్మిల్‌ని!" గొంతు కొట్టులో కాదు, కప్పు మీది గొట్టంలోంచి నరసరావుపేట నెత్తిమీద మోగింది. "స్టేషన్ వెనకాల మూతబడిన పత్తిమిల్లు. చెక్కే మిషను అక్కడే ఉంది. రాడార్ రికార్డులన్నీ..."

"ఆపు! నీ మొగుణ్ని నువ్వే చంపుకుంటున్నావ్! మిల్లులో వాళ్లకీ వినబడుద్ది!"

"వినబడనీ. ఇంకెవరికి భయపడాలే నేను? మా వాళ్లో మీ వాళ్లో, ఎవరు ముందు పరిగెత్తుతారో చూద్దాం."

బిందు ప్లేయర్ మీదికి దూకింది. సాబిరా పిల్లని గుండెకి అదుముకుని, లక్క రికార్డుల దొంతరని కాలితో తన్నింది. అవి జారి భళ్లున పగిలాయి. నల్లటి పెంకుల మీద ఎత్తుమడమ బెసికింది. బిందు పడింది, పిస్టల్ కుట్టుమిషన్ల కిందికి పోయింది. రహీమ్ చాచా బిస్మిల్లా అంటూ ఇత్తడి గంగాళం తెచ్చి ఆమె మీద బోర్లించి, పైన కూర్చున్నాడు.

సాబిరా హ్యాండ్‌బ్యాగ్‌లో జామర్ వెతికి నేలకేసి కొట్టింది. గిలక్కాయలో లైటు వెలిగింది. అందులోంచి బూట్ల చప్పుడు, వంశీ రొప్పు, తలుపు విరిగిన శబ్దం. స్టేషన్ వైపు నుంచి ఒక తుపాకి పేలింది. తర్వాత ఏమీ లేదు. గంగాళంలోంచి బూతులు మాత్రం వినబడుతున్నాయి.

"వంశీ! ఒరేయ్ వంశీ, పలకరా!"

"అక్కా... బావ తలకి గురిపెట్టాడక్కా వాడు. నేను తలుపు తన్నేసరికి గుండు పైకప్పుకి పోయింది. డిస్కులన్నీ దొరికినయ్యి. బావ చెవి మాత్రం గింగురుమంటందంట."

సాబిరా అప్పుడు కూర్చుంది.

గంట తర్వాత చీఫ్ ఆటో దిగాడు. వెనకనే చెవికి కట్టుతో ముజమ్మిల్, జట్టంతా. బ్రహ్మయ్య మొహం ఎర్రగా ఉంది.

"సీక్రెట్ మిషన్‌ని మైక్‌లో పెడతావా? పై ఆఫీసుకి ఏమని చెప్పాలి నేను? ఆర్డర్ అంటే..."

"ఉష్! ఇప్పుడే కునుకు పట్టింది పిల్లకి. ఎవరన్నా నోరెత్తారో, చాచా దగ్గర ఇంకో గంగాళం ఉంది!"

ఆ ఆపరేషన్ మొత్తంలో చీఫ్‌తో సహా అందరూ తలవంచి పాటించిన ఆర్డర్ అదొక్కటే.