ఎలాగూ ఊడిపోయేవే!

తెల్లారితే చాలు, ఆ ఇంట్లో వాష్‌బేసిన్ దగ్గర యుద్ధమే. బేసిను ఒకటి, నోళ్ళు నాలుగు. ఆ రోజు వాటిలో రెండింటికి నొప్పి. డెబ్బై రెండేళ్ళ నాన్నమ్మ ఉమ్మితే నురగ ఎర్రగా వచ్చింది. ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే ఆరేళ్ళ మనవరాలు ఎడమ బుగ్గ పట్టుకుని బ్రష్షుని శత్రువులా చూస్తోంది.

"మళ్ళీ రక్తమా?" అన్నాడు కొడుకు, తువ్వాలు భుజానేసుకుని తన వంతు కోసం నిలబడి. వీధి చివర స్కూటర్ల మెకానిక్కు అతను. ఏ సమస్యనైనా రెండు నిమిషాల్లో తేల్చేస్తాడని పేరు. "శనివారం పళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకున్నానమ్మా. ఉన్న పదమూడూ పీకించేసి సెట్టు పెట్టించేద్దాం. పీడా పోతుంది."

"పీకించేద్దామా? ఎవరివిరా పళ్ళు?"

"నీవే. ఎలాగూ ఊడిపోయేవేగా!"

"నాన్నా, మరి నా పన్నో?" పిడుగు నోరు బార్లా తెరిచింది. దవడ పన్ను మీద నల్లటి గుంట.

"అది పాలపన్నే తల్లీ. అదీ ఎలాగూ ఊడిపోయేదే. అమ్మ లవంగ నూనె రాస్తుందిలే."

నాన్నమ్మ బ్రష్షు కడిగి గ్లాసులో టక్కున పెట్టింది. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి. కత్తెర అందనప్పుడల్లా దారం పంటితో తెంపి తెంపి, ముందు పంటికి చిన్న గాటు పడిపోయింది. పళ్ళు తగ్గాయి గానీ నోరు తగ్గలేదు.

"దానివి పాలపళ్ళని వదిలేస్తావు, నావి ముసలి పళ్ళని పీకేస్తావు. ఈ ఇంట్లో మర్యాద దక్కాలంటే ఏ వయసు పన్నై ఉండాలిరా? చెప్పు, దానికేమైనా పన్ను కట్టాలంటే అదీ కట్టేస్తాం!"

"అత్తయ్యా, ఆయన మీ మంచికే..." అంటూ కోడలు అందుకుంది.

"నా మంచికైతే నన్నడగాలిగా! నోరు నాది. అందులో ఏది ఉండాలో, ఏది ఊడాలో నేను చెప్తాను."

మెకానిక్కు పళ్ళు నూరాడు. ఉన్నాయి కాబట్టి నూరగలిగాడు. "శనివారమంటే శనివారమే," అనేసి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

శనివారం దాకా ఆగితే ఆవిడ నాన్నమ్మెందుకవుతుంది? పది గంటలకల్లా పిడుగు చెయ్యి పట్టుకుని అదే క్లినిక్కులో దిగింది. డాక్టరమ్మ చిన్న అద్దంతో ఇద్దరి నోళ్ళూ వెతికింది, ఎక్స్‌రేలు తీసింది.

"నాలుగు బాగా కదులుతున్నాయండీ, అవి తియ్యక తప్పదు. మిగతా తొమ్మిదీ నిలుస్తాయి. చిగుళ్ళ కింద పేరుకున్న గార తీసేసి, రోజూ శుభ్రంగా ఉంచుకుంటే చాలు. అన్నీ పీకాలని నేనెప్పుడన్నాను?"

"మరి దీని పాలపన్ను?"

"ఊడుతుంది. కానీ ఇంకా నాలుగైదేళ్ళకి. అప్పటిదాకా దాంతోనే నమలాలి. కింద నుంచి వచ్చే పన్నుకి చోటు పట్టి ఉంచేది కూడా అదే. ఇవాళే గుంట శుభ్రం చేసి పూడ్చేస్తాను. కాకపోతే అమ్మో నాన్నో వచ్చి సరేననాలి."

"తీసుకొస్తాను. చెవి పట్టుకునైనా సరే!"

షెడ్డులో కొడుకు నూనె చేతులతో ఓ పాత స్కూటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. పక్కన దాని యజమాని, రిటైరైన లెక్కల మాస్టారు, "తుక్కుకి ఇచ్చేద్దామయ్యా" అని నసుగుతున్నాడు.

"తుక్కేంటి మాస్టారూ! ఇంజను రాయిలా ఉంది. మసి పట్టిందంతే. గీకి కడిగితే ఇంకో పదేళ్ళు తిరుగుతుంది. పాతదని పారేస్తామా?"

"విన్నావా పిడుగూ?" గుమ్మంలోంచి నాన్నమ్మ గొంతు ఖంగుమంది. "మీ నాన్న ఏ స్కూటరుకో కొడుకై పుట్టాల్సింది!"

"అమ్మా! నువ్విక్కడికెందుకొచ్చావు?"

"నా పళ్ళకీ గార పట్టిందంతేనట. గీకి కడిగితే తొమ్మిది నిలుస్తాయట. డాక్టరమ్మ అన్నీ పీకమనలేదట. మరి పీకమన్నదెవర్రా?"

"నేనే..." తడబడ్డాడు. "మాటిమాటికీ తిరగక్కర్లేదని. అయినా బండి వేరు, మనిషి వేరమ్మా."

"వేరే మరి! బండికైతే స్పేరు పార్టులు దొరుకుతాయి!"

మాస్టారు నవ్వు దాచుకోడానికి దగ్గాడు.

"అరవకమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! పంటి బిగువున పెంచాను నిన్ను. ఆ పళ్ళతో నాకు పని అయిపోయిందని నువ్వెలా తేల్చావు? నడు. ముందు నీ కూతురి పన్ను, తర్వాత నావి. నేను సరేనన్నవే తీస్తారు. తొమ్మిదింటి మీద చెయ్యి పడితే డాక్టరైనా సరే, కొరుకుతాను!"

అతను చేతులు తుడుచుకుని వెంట నడిచాడు.

పిడుగు నాన్నమ్మ వేలు పట్టుకుని గుంట పూడ్పించుకుంది. నాన్నమ్మ కుర్చీలోకి ఎక్కింది. "కుడి వైపు ఎన్నాళ్ళ నుంచి నమలడం లేదు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏదో... ఈ మధ్యేనమ్మా."

"కాదు! అబద్ధం!" అంది పిడుగు. "నేను స్కూల్లో చేరకముందు నుంచీ. గట్టిగా ఉన్నవన్నీ నాన్న చూడకుండా నా ప్లేట్లో వేసేస్తుంది. ఆకలి లేదంటుంది. పక్కనే పడుకుంటాగా, కడుపు గుర్రుమంటుంది నాకు తెలుసు."

కొడుకు గోడకి ఆనుకున్నాడు. 'మా అమ్మ వయసుకి తగ్గట్టు తిండి తగ్గించేసింది' అని ఏడాదిగా అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగలడు. రోజూ ఎదురుగా కూర్చుని తినే తల్లి ఆకలి మాత్రం వినపడలేదు.

"నాకు చెప్పచ్చుగా అమ్మా?"

పొద్దుటి నుంచీ దిగని ఆవిడ గొంతు అప్పుడు దిగింది. "నొప్పంటే నువ్వన్నీ పీకించేస్తావని భయంరా."

ఆ రోజుకి కదిలే వాటిలో ఒకటి తీశారు. నాన్నమ్మ దూదుండ కరుచుకుని కుర్చీ దిగి, కొడుకు వైపు వేలు చూపించి కూర్చోమంది.

"నాకేమైందని?"

వేలు కదల్లేదు. అతను కూర్చున్నాడు. నోరు తెరిచాడు, జీవితంలో మొదటిసారి ఎదురు మాట్లాడ్డానికి కాకుండా. డాక్టరమ్మ లైటు అటు తిప్పి ఉలిక్కిపడింది.

"అయ్యో, నేనింకా ముట్టుకోనే లేదు, అప్పుడే కన్నీళ్ళా? ఎక్కడండీ నొప్పి?"

"వాడికేం లేదమ్మా," అంది నాన్నమ్మ, దూది పక్కనుంచి ముద్దముద్దగా. "చిన్నప్పటి నుంచీ అంతే. దెబ్బ నాకు తగిలితే వాడేడుస్తాడు. ఈసారి కాస్త ఆలస్యమైంది."