బ్రేక్ పెట్టె అమ్మినవాడు

“నువ్వు మాకమ్మింది బ్రేక్ పెట్టా, ప్రాణాలు తీసే యంత్రమా?”

షెల్బీ గొంతు క్యాంప్‌గ్రౌండ్ ఆ చివరిదాకా వినిపించింది. తన క్యాబిన్ మెట్ల మీద బూట్లు తొడుక్కుంటున్న ఎమెట్ ఒక్క బూటుతోనే లేచి నిలబడ్డాడు.

“ఏమైంది?”

“ఇంకేమవ్వాలి? కారు చక్రాల్లోంచి పొగ! కనుమ ఎక్కకముందే ఇలాగైతే, దిగేటప్పుడు మా అమ్మా నేనూ ఏ లోయలో తేలేవాళ్ళం?”

పొద్దున్నే తల్లీకూతుళ్ళు క్యాంప్‌గ్రౌండ్ నుంచి బయల్దేరి, పొగ చూసి వెనక్కొచ్చేశారు. ముందు వాళ్ళ ఇల్లూ బండీ అన్నీ అయిన మోటార్‌హోమ్, వెనక తగిలించిన చిన్న కారు. ఆ కారులో డ్రైవర్ సీటు ముందు, ఎమెట్ దగ్గర కొన్న పెట్టె. ముందు బండి వేగం తగ్గగానే ఆ పెట్టె తన ఇనుప చేత్తో కారు బ్రేకు తొక్కుతుంది. కొలరాడో కొండల్లో అది లేకుండా దిగితే, వెనక కారు ముందు బండిని తోసుకుంటూ పోతుంది.

“ఓసారి చూడనా?” అన్నాడు ఎమెట్.

“చూసి ఇంకేం చెడగొడతావ్?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “తప్పు... నాదేననుకుంటా,” అని గొణిగాడు.

షెల్బీ అతన్నే చూసింది. తప్పు చేయనివాడైతే ఎదురు తిరగాలి కదా! ఇతనేమో నేలచూపులు చూస్తున్నాడు. పెట్టె పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కానీ ఇన్నాళ్ళూ అడక్కుండానే నీళ్ళ గొట్టం బిగించి, పిచ్చి జోకులతో నవ్వించిన మనిషి మోసగాడని తేలితే? ఆమె కోపంలో సగం ఆ భయమే.

తల్లి మార్లా చేతులు కట్టుకుని నిలబడింది. “నేను ముందే చెప్పలా? బాగున్న పెట్టెని ఎవడైనా అమ్ముకుంటాడా?”

“ఇక్కడే ఉద్యోగం దొరికింది మార్లా గారూ. నా మోటార్‌హోమ్ అమ్మేశాను. ఇంక పెట్టె నాకెందుకని...”

“కథలు బాగా చెప్తావబ్బాయ్.”

“కథలొద్దు,” అంది షెల్బీ. “చక్రాలు చల్లారనీ. పొద్దున ఎలా తగిలించానో అలాగే మళ్ళీ తగిలిస్తాను. నువ్వు నా కళ్ళముందే నిలబడు.”

మధ్యాహ్నానికి చక్రాలు చల్లబడ్డాయి. షెల్బీ టార్చి వేసి బ్రేకులన్నీ పరీక్షించి, పర్లేదనుకుంది. రెండు బళ్ళనీ కలిపే ఇనుప కడ్డీ తగిలించింది, గొలుసులు వేసింది. కారు ఇంజన్ స్టార్ట్ చేసి, గేర్లు మార్చి, ఆపేసింది. బ్రేకు పెడల్‌ని గట్టిపడేదాకా పదేపదే తొక్కింది.

తొక్కుతున్న కాలు ఠక్కున ఆగిపోయింది.

పొద్దున తొక్కలేదు! ఇంజన్ ఆపాక కూడా బ్రేకులో మిగిలే అదనపు బలం పోవాలంటే పెడల్ అలా తొక్కాలి. లేదంటే పెట్టె చెయ్యి కాస్త ఆనినా బ్రేకు పట్టేస్తుంది, దారి పొడుగునా రాపిడే. అయినా తను ఎందుకు మర్చిపోయింది? పొద్దున సరిగ్గా పెడల్ తొక్కబోయే వేళకే ఎమెట్ కాఫీ పట్టుకొచ్చి, “ఏ దారిన వెళ్తున్నారు?” అని మొదలుపెట్టాడు.

“పొగ అనగానే నీకు అర్థమైపోయింది కదూ?”

ఎమెట్ తలూపాడు.

“మరి చెప్పవేం?”

“చెప్తే తప్పు నీ మీదకి తోసినట్టుంటుంది.”

“బండి తగిలించేవాళ్ళతో మాట కలపకూడదని మోటార్‌హోమ్ తోలే ప్రతివాడికీ తెలుసు. నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి కావాలని చేశావా? మమ్మల్ని ఆపేద్దామనా?”

“అయ్యో, ఆపేద్దామని కాదు! నువ్వు వెళ్ళిపోతున్నావ్ షెల్బీ. నాకు నువ్వంటే ఇష్టమని చెప్పడానికి రోజూ వచ్చి, రోజూ వాతావరణం గురించి మాట్లాడి పోయాను. ఇవాళ కూడా చెప్పలేక దారి గురించి అడిగాను. నా పిరికితనం వల్ల మీ ప్రాణాల మీదకొచ్చింది. క్షమించు.”

షెల్బీకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మార్లా మాత్రం కరగలేదు. “మాటలకేం? ఈ కొండ దిగేదాకా నేను నమ్మను,” అంది.

“అయితే నా ట్రక్కులో వెనకే వస్తాను. చిన్న పొగ కనిపించినా హారన్ కొడతాను,” అన్నాడు.

కనుమ పొడుగునా షెల్బీ వెనక కెమెరా తెర మీద ఒక కన్నేసే ఉంచింది. కారు వెనక అతని ట్రక్కు ఏ మలుపులోనూ తప్పిపోలేదు. హారన్ ఒక్కసారి కూడా మోగలేదు.

కొండ దిగాక బళ్ళు ఆగాయి. ఎమెట్ ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూసి లేచాడు. “బాగానే ఉన్నాయి. ఇంక నాతో పని లేదు.”

మోటార్‌హోమ్ కిటికీలోంచి మార్లా తల బయటపెట్టింది. “అబ్బాయ్, సూప్ వేడి చేస్తున్నా. ముగ్గురికీ.”

షెల్బీ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. “నువ్వన్నా నాకిష్టమే. కానీ అనుమానం మాత్రం పోలేదు.”

“ఇంకా ఏం అనుమానం?”

“సూప్ తాగేసి కొండెక్కి వెళ్ళిపోతావేమో, మళ్ళీ రావేమోనని.”

“ఆదివారం నాకు సెలవు. మీరెక్కడుంటే అక్కడికొస్తాను,” అన్నాడు ఎమెట్. ఈసారి నేలచూపులు చూడలేదు.