మామగారి సైలెన్సర్

పొద్దున్నే టీ గ్లాసు తీసుకెళ్లి వరండాలో నిలబడి "మామయ్యా, టీ తాగుతారా?" అని కౌసర్ అడగడం, పేపరు చదువుకుంటున్న మామగారు ఉలక్కపోవడం, గ్లాసు ఆయన పక్కన పెట్టేసి ఆ పిల్ల వంటింట్లోకొచ్చి ముక్కు ఎగబీల్చుకోవడం, ఈ మూడూ ఆ ఇంట్లో పాలూ పేపరూ వచ్చినంత నమ్మకంగా జరిగిపోతూ ఉండేవి. పెళ్లయి తెనాలి కాపురానికొచ్చి ఏడాది కావస్తోంది. అత్తగారు తిట్టినా పలుకుతుంది, మొగుడు విసుక్కున్నా పలుకుతాడు. మామగారు మాత్రం ఇంతవరకూ కోడలి మాటకి ఒక్కసారి కూడా బదులివ్వలేదు.

అలాగని నాగూర్ బాషా చెడ్డమనిషని ఎవరైనా అంటే వీధంతా కొట్లాటకొచ్చేది. వయసులో ఉన్నప్పుడు పట్టిన స్టీరింగు ఇప్పటికీ వదల్లేదాయన. టీ తాగి, తన పికప్ బండి వేసుకుని మార్కెట్‌కి పోతాడు. ఉల్లి బస్తాలు, టమాటా పెట్టెలు ఎత్తించుకుని చెరుకుపల్లిలో కొన్ని, రేపల్లెలో కొన్ని దించి, వచ్చేటప్పుడు చేపల పెట్టెలు వేసుకొస్తాడు. అందరితోనూ నవ్వుతాడు. కోడల్ని చూసినా నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గరే ఆగిపోతాడు.

"మీ నాన్నకి నేనంటే ఇష్టం లేదా?" అని కౌసర్ మొగుణ్ణి చాలాసార్లే అడిగింది.

ఫరూక్‌కి బోసు రోడ్డులో సెల్‌ఫోన్ల కొట్టు. రీచార్జి కూపన్లు అమ్మీ అమ్మీ ఇంటికొచ్చేసరికి వాడికి మనుషుల మీద విరక్తి పుట్టి ఉంటుంది. "ఆయనంతే కౌసర్. బండితో తప్ప మనుషులతో మాట్లాడడు," అని అటు తిరిగి పడుకునేవాడు.

కౌసర్‌కి ఇదేం గాచారమో అర్థమయ్యేది కాదు. బాపట్లలో వాళ్ల నాన్నకి ఇంటిని ఆనుకునే పవర్‌లూమ్ షెడ్డు ఉంది. మగ్గాల మోతలో ఆ ఇంట్లో ఉప్పు డబ్బా అందుకోమన్నా అరిచే చెప్పాలి. వాళ్ల గుమ్మంలోంచి కౌసర్ కేకేస్తే రైలు గేటు దగ్గర ఆడుకునే తమ్ముళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్లు. అందుకే అత్తారింటికి పంపేటప్పుడు తల్లి ఒకటికి పదిసార్లు చెప్పింది. "మామగారి ముందు గొంతు పెంచావో, మా పరువు తీసినదానివవుతావు. నీ మాట గడప దాటకూడదు." కౌసర్ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. మామగారి ముందు ఆమె మాట్లాడితే దీపం కూడా రెపరెపలాడేది కాదు.

అలాంటి ఇంటికి ఓ మధ్యాహ్నం పికప్ బండి ఉరుముకుంటూ వచ్చింది.

అది వీధి మలుపులో ఉండగానే కిటికీ అద్దాలు గజగజలాడాయి. పెరట్లో కోళ్లు గోడెక్కాయి. పక్కింటి రిటైర్డు మాస్టారు జనార్దనరావు నిద్రలోంచి లేచి, ఏదో కూలిందనుకుని లుంగీతోనే బయటికొచ్చారు. బండి ఇంటి ముందు ఆగింది. కింద మెరిసిపోయే కొత్త గొట్టం, దాని మూతి సోలెడు డబ్బా అంత. పాత సైలెన్సర్ వెనకాల బాడీలో పడి ఉంది.

"ఏంటయ్యా ఈ గోల?" అంది అత్తగారు మస్తాన్ బీ. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే నాలుగిళ్లకి వినపడుద్ది. అప్పుడు అరిచింది కూడానూ.

"విజయవాడ ఆటోనగర్‌లో వేయించా," అన్నాడు నాగూర్ బాషా, సంబరంగా. "కంపెనీది తుప్పు పట్టింది. దీంతో పొగ తేలిగ్గా పోయిద్ది, లాగుడు బాగుంటది."

"లాగుడు సంగతేమో గానీ నా ప్రాణం లాగేస్తంది!"

పాత సైలెన్సర్‌ని ఆయనే మోసుకెళ్లి స్నానాల గది వెనకాల పడేశాడు. మర్నాటి నుంచి దాని మీద కోళ్లు కూర్చునేవి.

వీధికి కొత్త కాలక్షేపం దొరికింది. ముసలోడికి దసరా పండగొచ్చిందన్నారు కొందరు. కాలేజీ కుర్రాళ్లు బండి పోతుంటే ఈలలేశారు. వాళ్లు మోటార్‌సైకిళ్లకి చేయించే పనిని ఆయన పికప్‌కి చేయించాడని వాళ్లకి మహా గౌరవం. జనార్దనరావు మాస్టారు మాత్రం ఫరూక్ కొట్టుకే వచ్చి, నలుగురి ముందూ నిలదీశారు.

"మీ నాన్నగారికి చెప్పుకోలేక నీకు చెబుతున్నానయ్యా. నాకు బీపీ. ఆ గొట్టం తీయిస్తారా, పోలీసులకి చెప్పమంటారా?"

ఫరూక్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ పూట కంచం ముందు కూర్చుని తండ్రితో గట్టిగానే గొడవపడ్డాడు.

"నాన్నా, నీ వయసెంత, నువ్వు చేసే పనేంటి? వీధిలో తలెత్తుకోలేకపోతన్నా!"

"తుప్పు పట్టిందిరా అది."

"పడితే కంపెనీదే ఇంకోటి వేయించొచ్చుగా!"

"నా బండి. నా ఇష్టం." నాగూర్ బాషా చెయ్యి కడుక్కుని లేచాడు. ఏ రోజూ అంత మొండిగా మాట్లాడని మనిషి అలా అనేసరికి మస్తాన్ బీ కూడా నోరు మూసుకుంది. తలుపు చాటునున్న కౌసర్‌కి మాత్రం ఒకటి వింతగా తోచింది. ఆ సైలెన్సర్ వచ్చినప్పటి నుంచి ఆయన హుషారుగా ఉన్నాడు. పొద్దున బండి స్టార్టు చేసి, కళ్లు మూసుకుని కాసేపు వింటాడు, రేడియోలో పాట విన్నట్టు.

ఫరూక్ ఊరుకోలేదు. శుక్రవారం తండ్రి మసీదుకెళ్లినప్పుడు మెకానిక్ యలమందని పిలుచుకొచ్చాడు. కోళ్లని అదిలించి పాత సైలెన్సర్ లాగారు. యలమంద దాన్ని తిప్పి చూసి, "దీనికేం రోగమండి, శుభ్రంగా ఉంటేను," అన్నాడు. తుప్పు అబద్ధమని ఫరూక్‌కి ఇంకా మండింది. నాగూర్ బాషా నమాజు నుంచి వచ్చేసరికి కంపెనీది దాని చోటికి అది పోయింది, మెరిసే గొట్టం కోళ్ల పాలైంది.

ఆయన బండెక్కి తాళం తిప్పాడు. కొడుకు గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని, కొట్లాటకి సిద్ధంగా నిలబడ్డాడు. కొట్లాట రాలేదు. నాగూర్ బాషా సీట్లో చాలాసేపు అలాగే కూర్చుని, దిగి, లోపలికెళ్లి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున కౌసర్ టీ ఇచ్చింది, అడిగింది, బదులు రాలేదు. అందులో కొత్తేం లేదు. కొత్తది తర్వాత చూసింది. ఆయన బండి స్టార్టు చేశాడు, కిందికి దిగాడు, ముందుకొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపుండి, తల ఊపుకుని, మళ్లీ ఎక్కాడు. బండి వీధి చివరిదాకా గేరు మార్చకుండా కీచుమంటూ పోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తోలినట్టు తోలాడు. కౌసర్ కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయింది. ఆ అరచెయ్యి ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో మాత్రం గుర్తు రాలేదు.

సాయంత్రానికి ఫోనొచ్చింది. చెరుకుపల్లి దాటాక క్లచ్ ప్లేటు మాడిపోయి బండి రోడ్డు మధ్య ఆగిపోయిందిట. టమాటాలు వేరే బండిలోకి ఎక్కించారు. పికప్‌ని తాడు కట్టి యలమంద షెడ్డుకి లాక్కొచ్చారు. ఫరూక్ కొట్టు మూసి అక్కడికే పోయి, తండ్రిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"యలమంద ఏమన్నాడో తెలుసా అమ్మా? దారి పొడుగునా క్లచ్ మీద కాలు తియ్యలేదంట. అంత అనుభవం ఉన్నోడు అలా తోలడు, కావాలనే చేసుంటాడన్నాడు!" పెరట్లో బకెట్ దగ్గర మొహం కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అరుస్తున్నాడు. అరిచీ అరిచీ గొంతు తగ్గింది. "నా మీద కోపం నా మీద చూపించాలి. బండి మీద చూపిస్తే ఎట్టా? చెప్పు నాన్నా, కావాలనే చేశావా?"

నాగూర్ బాషా పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడలేదు.

"చూశావా? గోడకి చెప్పినట్టే!"

"ఏదో ఒకటి చెప్పి చావవయ్యా!" అంది మస్తాన్ బీ. ఆయన చప్పున ఆవిడ వైపు తిరిగి, "ఏం చెప్పమంటావు?" అన్నాడు.

వంటింటి గడప లోపల నిలబడిన కౌసర్ ఇదంతా చూస్తోంది. మామగారు కొడుకు వీపు వంకే చూస్తున్నాడు. కోపంగా కాదు. వాడు ఎప్పుడు ఇటు తిరుగుతాడా, వాడి పెదాలు ఎప్పుడు కనిపిస్తాయా అని చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఆ అరచెయ్యి ఎవరిదో. బాపట్లలో వాళ్ల తాతది. మగ్గాల మోతలో బతికి బతికి తాతకి చెవులు పోయాయి. మగ్గం ఆడుతోందో ఆగిందో తెలియక, చట్రం మీద అరచెయ్యి ఆనించి చూసుకునేవాడు.

కౌసర్ గడప దాటింది. మామగారి వెనకగా వెళ్లి నిలబడింది.

"మామయ్యా, టీ తాగుతారా?" అంది, రోజూ అన్నట్టే.

ఆయన కదల్లేదు. "ఇప్పుడు టీ ఏంటే?" అన్నాడు ఫరూక్ చిరాగ్గా. కౌసర్ వాణ్ణి పట్టించుకోలేదు. కొంచెం గొంతు పెంచి మళ్లీ అడిగింది. ఆయన కదల్లేదు.

అప్పుడా పిల్ల కొంగు బిగించి, ఏడాదిగా కడుపులో దాచుకున్న బాపట్ల గొంతునంతా బయటికి తీసింది.

"మామయ్యా! టీ తాగుతారా?"

కోళ్లు ఎగిరి గోడెక్కాయి. గోడ అవతల మాస్టారి టీవీ ఠక్కున ఆగింది. మస్తాన్ బీ గుండె మీద చెయ్యేసుకుంది.

నాగూర్ బాషా వెనక్కి తిరిగాడు. కోడల్ని ఎగాదిగా చూశాడు.

"తాగుతానమ్మా," అన్నాడు. "చక్కెర కొంచెం తగ్గించు. రోజూ ఎక్కువేస్తన్నావు."

కౌసర్ అక్కడే కూలబడి భోరుమంది. ఫరూక్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అన్నాడు. తండ్రికి ఎదురుగా వచ్చి కూర్చుని, మళ్లీ గట్టిగా అడిగాడు.

"మీ పెళ్లికి ముందు నుంచే తగ్గతా వచ్చిందిరా. మీ అమ్మ మాట వినపడుద్ది. నువ్వు అరిస్తే వినపడుద్ది. మిగతాది మొహాలు చూసి సరిపెట్టుకుంటన్నా." ఆయన తల దించుకున్నాడు. "ఇంజన్ మోత విని గేరు మార్చినోణ్ణిరా నేను. అది వినపడకపోతే కాళ్లూ చేతులూ ఆడలా. అందుకే మోతెక్కువుండేది వేయించా. అది పెట్టాక బండి మళ్లీ నాతో మాట్లాడింది."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బండి దిగమంటారు. దిగి ఏం చెయ్యను? అరుగు మీద కూర్చుని కోళ్లని కాయనా?"

మస్తాన్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్లూ పక్కనే ఉండి, తన గొంతు పెద్దదవడం వల్ల మొగుడి చెవుడు తనకే తెలియకుండా పోయిందని ఆవిడకి అప్పుడు తట్టింది.

కౌసర్ కళ్లు తుడుచుకుని, "మరి నాతో ఎందుకు మాట్లాడలేదు మామయ్యా? నేనేం తప్పు చేశా?" అంది. అనడం ఏంటి, అరిచింది.

"నువ్వేం తప్పు చేశావు తల్లీ! చక్కెర తగ్గించమని చెబితే, నువ్వేదో ఒకటి తిరిగి అంటావు. అది నాకు వినపడదు. కోడలు పిల్ల ముందు చెవిటోణ్ణని బయటపడతా. అందుకని నోరు మూసుకుని తాగా." ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "ఎట్టుంటదో అనుకున్నా నీ గొంతు. బాగుంది."

మర్నాడు ఫరూక్ కొట్టు తెరవలేదు. తండ్రిని గుంటూరు తీసుకెళ్లి చెవుల డాక్టరుకి చూపించాడు. ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన కూర్చున్నందుకు నరం దెబ్బతిందని, మిషను పెట్టుకుంటే కొంత నయమని డాక్టరు చెప్పాడు. డ్రైవింగు సంగతి ఫరూక్ ఎత్తలేకపోయాడు. యలమంద షెడ్డు నుంచి బండి వచ్చిన రోజున నాగూర్ బాషాయే తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు. "వెనకొచ్చేవాడి హారన్ నాకు వినపడదురా. ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదంటే అల్లా దయ," అన్నాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. మూడో రోజుకి బాలస్వామి అనే డ్రైవరు కుదిరాడు. పక్క సీట్లో నాగూర్ బాషా కూర్చునే పోతున్నాడు. సరుకు లెక్కలూ బేరాలూ ఆయనవే, బాలస్వామి గేరు వేసినప్పుడల్లా తిట్లూ ఆయనవే.

అంతా సర్దుకుందనుకుంటున్నప్పుడు జనార్దనరావు మాస్టారు మళ్లీ వచ్చారు. వరండాలో పొద్దుటి టీ వేళ. కౌసర్‌ని చూసి మొహమాటపడ్డారు.

"అమ్మాయ్, నొచ్చుకోకు. సైలెన్సర్ మార్పించారు, సంతోషం. కానీ తెల్లారగానే నీ కేకలకి ఉలిక్కిపడి లేస్తున్నానమ్మా. కాస్త నెమ్మదిగా మాట్లాడమని మీ మామగారే నీకు చెప్పాలి. ఆయనకి చెప్పు."

చెవి మిషను ఇంకా రాలేదు కాబట్టి ఆయనకి వినపడాలంటే అరవాలి. అరవద్దన్న మాట చెప్పాలన్నా అరవాలి. కౌసర్‌కి నవ్వాగలేదు. గ్లాసు చేతికందిస్తూ, బాపట్ల దాకా వినపడేలా చెప్పింది.

"మామయ్యా! నేను అరుస్తన్నానంట! నెమ్మదిగా మాట్లాడమని చెప్పమంటన్నారు మాస్టారు!"

నాగూర్ బాషా ఒక గుక్క తాగి, చక్కెర సరిపోయిందన్నట్టు తలాడించి, మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సైలెన్సర్ తీయమన్నారు, తీయించానండి," అన్నాడు. "ఈ పిల్ల గొంతు మాత్రం తగ్గించమనకండి. ఇంట్లో నాకు టీ తాగుతావా అని అడిగేది ఇదొక్కత్తే."