సవరణి ఆపిన రోజు

సముద్రం అడుగున ఊరు కట్టుకుని ముప్పయ్యేళ్ళు దాటిన నీలంపేట జనానికి నీళ్ళంటే అంత భయం లేదు. మాటంటేనే భయం. పొద్దున్నే కాఫీ తాగుతూ ఎవరైనా పైకప్పు వంక చూసి "చెమ్మగా ఉందేమిటి" అన్నారంటే పక్కవాళ్ళు గబుక్కున నోరు మూయించేవాళ్ళు. ఊరు కొత్తల్లో ఎవరో "నీళ్ళొస్తున్నాయి" అని అరిచారట. రాని నీళ్ళకు హడలిపోయి జనం మెట్ల మీద ఒకరినొకరు తొక్కుకుని చచ్చిపోయారు. అప్పటి నుంచి ఊరిని కప్పి ఉన్న గుమ్మటాల కింద గాభరా మాట నోటితో అనకూడదన్నది కట్టుబాటు. ఏదున్నా చేతిలో ఉండే తెరపలక మీద రాసి ఊరి కార్యాలయానికి పంపాలి. బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ, దీపం ఆరిపోతే కొండెక్కిందనీ చెప్పుకునే జనం కదా, ఈ కట్టుబాటు మనవాళ్ళకు పెద్ద కష్టంగా తోచలేదు.

ఆ పలకల్లో ఉండేదే సవరణి. దాని పూర్తి పేరు స్వయంసవరణ యంత్రం గానీ, అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంది. వెనకటి కంప్యూటర్లలో ఆటో ఫార్మాటింగ్ అని ఒకటుండేది. మనం ఒకటో అంకె వేస్తే చాలు, అడక్కుండానే రెండు, మూడు వేసి జాబితా తయారుచేసేది. సవరణి దానికి మునిమనవరాలు. ఇది అంకెలతో ఊరుకోదు. రాతకు శీర్షిక తగిలిస్తుంది, వాక్యాలను వరసలో కూర్చోబెడుతుంది, అశుభంగా వినిపించే మాటను తీసి శుభంగా వినిపించేది పెడుతుంది. రాసేవారి పలకలో ఒకసారి, చదివేవారి పలకలో ఇంకోసారి సర్దుతుంది.

ఆ మధ్యాహ్నం దాన్ని తీసి గోడకేసి కొడదామా అనిపించింది సువర్చలకు.

సువర్చల ఆ ఊళ్ళో తలుపు పట్టీల ఇంజనీరు. గుమ్మటాల నుంచి సముద్రంలోకి తెరుచుకునే తలుపుల చుట్టూ నీరు చొరకుండా రబ్బరు పట్టీలు బిగించి ఉంటాయి. వాటిని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. కొన్నాళ్ళుగా ఉత్తరపు గుమ్మటం పట్టీ వదులవుతోంది. కొత్త పట్టీ తెచ్చే ఓడ వచ్చేదాకా పాతది నిలవనూవచ్చు, ఈ సాయంత్రమే ఊడిపోనూవచ్చు. ఆ గుమ్మటం కింద ఉన్నది బడి. ఆ బడిలో ఆమె కూతురు హంసిని రెండో తరగతి చదువుతోంది.

ఆమె పలక తీసి మళ్ళీ రాసింది. "ఉత్తరపు పట్టీ ఊడిపోయేలా ఉంది. పిల్లలందర్నీ ఇవాళే బయటికి తీసేయండి. నాకు భయంగా ఉంది." ఆఖరి చుక్క పెట్టేలోగా అక్షరాలు కదిలి తమంతట తామే సర్దుకున్నాయి.

ఉత్తరపు పట్టీ: కొన్ని గమనికలు
1. పట్టీ విశ్రాంతి కోరుతోంది.
2. పిల్లల విహారం గురించి ఆలోచించవచ్చు.
3. రాసినవారు ఎంతో శ్రద్ధతో ఉన్నారు.

ఇంతకుముందు పంపినవన్నీ ఇలాగే వెళ్ళాయి. ప్రతిదానికీ కార్యాలయం నుంచి "చూశాం, సంతోషం" అని జవాబు వచ్చింది. ఎవరికి సంతోషమో, ఎందుకు సంతోషమో తెలియదు.

"ఈ అంకెలు తీసెయ్," అంది సువర్చల.

"తీసేశానండి," అంది సవరణి, కొత్త కోడలంత వినయంగా. "బదులుగా చుక్కలు పెట్టమంటారా?"

"ఏమీ పెట్టొద్దు. నేను రాసింది రాసినట్టు ఉండనీ."

"అలాగేనండి. 'రాసింది రాసినట్టు'. శీర్షిక చాలా బాగుంది. పైన పెట్టాను."

సువర్చలకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇలా కాదని పలక అమరికల్లోకి దిగింది. ఒక గది తెరిస్తే అందులో ఇంకో గది. అంకెలు ఆపింది. శీర్షికలు ఆపింది. "శుభపదాలు" అన్న మీట ఎక్కడో అట్టడుగున దాక్కుని ఉంది. నొక్కితే "నిజంగానే ఆపాలా?" అని అడిగింది. నిజంగానే అంది. "ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగింది. ఆమె హంసినిని తలుచుకుంది. మళ్ళీ నొక్కింది.

ఇప్పుడు ఆమె మాటలు పలక మీద ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. తను రాసిందే అయినా రెండోసారి చదవలేకపోయింది.

"మీ వైపు ఆపేశానండి," అంది సవరణి. "చదివేవారి వైపు మాత్రం వారే ఆపుకోవాలి. లేకపోతే మీరెంత గట్టిగా రాసినా వారికి సర్దిన మాటే కనిపిస్తుంది."

అదన్నమాట సంగతి. పలక పట్టుకుని ఆమె, ఆ రాతలన్నీ చదివే ఊరి అధికారి గౌరునాయుడి గదికి బయల్దేరింది. దారిలో బడి. లోపల పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. హంసిని గొంతు కోసం చెవులు రిక్కించింది గానీ అన్ని గొంతుల్లో అది దొరకలేదు. పరిగెత్తితే చూసినవాళ్ళు గాభరా పడతారని పళ్ళబిగువున నడిచింది.

గౌరునాయుడు అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఊరి కొత్తల నుంచీ ఇక్కడే ఉన్నాడు.

"ఏటమ్మా సువర్చలా, మొహం అలగుంది? కూకో."

"కూర్చోను నాయుడుగారూ. ముందు మీ పలకలో సవరణి ఆపండి. నా రాత మీకు అందడం లేదు."

ఆయన తన పలకను ఇటు తిప్పాడు. అమరికల పేజీ తెరిచి ఉంది. మీటలన్నీ ఆపే ఉన్నాయి.

"ఈ కుర్చీలో కూకున్న రోజే ఆపేసినాను. అధికారి పలకకి మీరు రాసిన అసలు రాత వస్తాది. సర్దింది కాదు."

కింద ఆమె పంపినవన్నీ వరసగా ఉన్నాయి. అంకెలు లేవు, శీర్షికలు లేవు. పట్టీ ఊడిపోయేలా ఉందని ఉంది. నాకు భయంగా ఉందని ఉంది.

"చదివారా ఇవన్నీ?"

"చదివినాను. మొదటిది చదివిన నాడు అన్నం సయించలేదు."

"మరెందుకు ఊరుకున్నారు?"

"ఏటి చెయ్యమంటావు? బడి మూసేస్తే ఎందుకని అడుగుతారు. చెప్తే మళ్ళీ మెట్ల మీద అదే తొక్కిడి. అప్పుడు నానే మోసినాను శవాల్ని. ఓడ వస్తాది. పట్టీ అందాకా ఆగితే ఎవరికీ ఏటీ తెలియక్కర్లేదు."

"ఆగకపోతే? మీ మనవడు కూడా ఆ బడిలోనే ఉన్నాడు కదండీ?"

గౌరునాయుడు తల దించుకున్నాడు.

"నీ మొదటి రాత చదివిన మర్నాడే వాడిని దక్షిణపు గుమ్మటం బడికి మార్పించేసినాను."

ఇన్నాళ్ళూ తను తిట్టుకున్నది యంత్రాన్ని. అది ఈయన దగ్గర ఒక్క మాట కూడా దాచలేదు. ఆయనకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. సువర్చలకు ఒళ్ళు మండిపోయింది.

"మీ మనవడిని మార్చుకుని, మిగతా వాళ్ళ పిల్లల్ని..."

"గట్టిగా అనకమ్మా," అన్నాడాయన లేచి తలుపు వేస్తూ. తరువాత గొంతు బాగా తగ్గించాడు. "దక్షిణపు బడిలో ఇంకొక చోటుంది. ఒక్కటే. నీ పిల్ల పేరు రాసేయమంటావా?"

దారి పొడుగునా కూర్చుకున్న వాక్యం ఆమె నాలుక మీదే ఉంది. పిల్లలందర్నీ, ఇవాళే. హంసిని తరగతిలో ఎవరు అన్నం డబ్బాలో ఏం తెచ్చుకుంటారో కూడా ఆమెకు తెలుసు. చేతిలోని పలకలో సవరణి ఆపి ఉంది. ఆ పిల్లల కోసమే సువర్చల నోరు తెరిచింది.

"హంసినిని ఎప్పట్నుంచి పంపమంటారు?" అంది.