ఏడో సిస్టమ్ ఆకలి

మదనపల్లె దాటి కురబలకోట పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దాని మూడో ల్యాబ్‌లో, మూలనున్న ఏడో సిస్టమ్... పొద్దు గూకితే దాని ముందు కూర్చునే మొనగాడు లేడు. పగలంతా బుద్ధిగా పనిచేస్తుందట. లైట్లు వేశారా — మూలుగుతుంది, వేడి ఊపిరి వదులుతుంది అని చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం సోఫియాకు వేరే దారి లేదు. ఒకే ప్రోగ్రామును రెండు కంపైలర్లతో, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడిపి, వేగమెంతో, మెమరీ ఎంత తింటుందో పట్టిక కట్టాలి. ఆ రెండూ ఉన్న సిస్టమ్ అదొక్కటే. తెల్లారితే వైవా. పట్టిక లేకపోతే ఈ ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

విండోస్ పని మధ్యాహ్నమే అయింది. ఏ కంపైలరైనా నాలుగు సెకన్లు, నలభై ఎంబీ, కాస్త అటూ ఇటూ. బయటికి పోయి తిని వచ్చి లినక్స్ మొదలుపెట్టేసరికి ఏడు దాటింది.

పదకొండు సెకన్లు! మెమరీ మాత్రం అదే నలభై.

కంపైలర్ మార్చింది. పదమూడు... మళ్లీ విండోస్‌కు పోయింది. అక్కడా పన్నెండే! కాళ్ల దగ్గర ఎవరో వెచ్చగా ఊపిరి వదిలారు. సాంబ్రాణి వాసన. సోఫియా కుర్చీ వెనక్కి నెట్టింది. బల్ల కిందికి వంగి చూసింది —

సీపీయూ పెట్టెకు గాలాడే కంతల మీద తడి బంతిపూల దండ. పైన నిమ్మకాయ.

"ఎవరప్పా ఇది యేసింది?"

"నేనేమ్మా..." ధూపం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కొండప్ప గుసగుసలాడాడు. "ఆయుధపూజ కాడ్నించి దినామూ పొద్దుగూకినాక యేసి, తెల్లారినాక తీస్తాండాను. అది మూలిగే కొద్దీ దండ పెద్దది సేస్తాండాను."

సోఫియాకు నవ్వాగలేదు. గాలాడక పెట్టె వేడెక్కుతోంది, వేడెక్కి నెమ్మదిస్తోంది. పూజే దెయ్యాన్ని తయారుచేసింది! దండా నిమ్మకాయా తీసి పక్కన పెట్టి, కాసేపు చల్లారనిచ్చి నడిపింది.

నాలుగు సెకన్లు. హమ్మయ్య!

మెమరీ... ఎనభై.

మళ్లీ నడిపింది. ఎనభై. కంపైలర్ మార్చింది. ఎనభై!

"వేడికి వేగం తగ్గుతాది, సరే... మెమరీ యాల ఇంత తింటాండాది?"

కొండప్ప గడప దాటలేదు. "పెట్టింది తీసేస్తివి కదమ్మా... దానికి ఆకలి కాదా?"

సోఫియా ఒకసారి పట్టికను, ఒకసారి తీసిపెట్టిన దండను చూసింది. ఆపైన నిమ్మకాయ ఒక్కటే తీసి, కంతలకు దూరంగా, మానిటర్ పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని నడిపింది.

నాలుగు సెకన్లు. నలభై ఎంబీ.

పొద్దున వైవాలో ప్రసన్నలక్ష్మి మేడం రిపోర్టు తిరగేసింది. ఏ ఏర్పాట్లతో పరీక్షించారో రాసేచోట, కంపైలర్ల పేర్ల కింద చివరి వరుస: నిమ్మకాయ, ఒకటి.

మేడం నవ్వలేదు. సంతకం పెట్టి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నిమ్మకాయ కొయ్యలేదు కదా?"